జీవపదార్థాలతో భారలోహాల తొలగింపు: గోదావరి సేద్యపు నీటికి వర్తించే తీరు

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరం వద్ద ప్రాణహిత నది గోదావరిలో కలుస్తుంది. భక్తులకు అది త్రివేణీ సంగమం. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు జరిగిన క్షేత్రం. నేల, నీటి శాస్త్రాల దృష్టితో చూస్తే అది రెండు బొగ్గు క్షేత్రాల నీరు ఏకమయ్యే చోటు కూడా. వార్ధా, వైన్‌గంగల కలయికతో ఏర్పడిన ప్రాణహిత విదర్భలోని చంద్రపూర్ ప్రాంతపు నీటిని తెస్తుంది. గోదావరి ప్రధాన ప్రవాహం రామగుండం, మంచిర్యాల బొగ్గు గనులు, తాప విద్యుత్ కేంద్రాల మీదుగా వస్తుంది. భూపాలపల్లి జిల్లాకు సొంత గనులతోపాటు చెల్పూరు వద్ద 1,100 మెగావాట్ల కాకతీయ తాప విద్యుత్ కేంద్రం ఉన్నది. సంగమానికి దిగువన గంగారం వద్ద దేవాదుల పథకం ద్వారా ఎత్తిపోసిన గోదావరి నీరు జనగామ మెట్ట ప్రాంతపు చెరువులకు చేరుతుంది.

గని, బూడిద, పరిశ్రమ, సేద్యం ఒకే నీటిపై ఆధారపడిన ఇటువంటి చోట భారలోహాల విషయం వ్యవసాయ శాస్త్రవేత్తలకు పరాయి విషయం కాజాలదు. వ్యర్థజలం నుండి ఈ లోహాలను తక్కువ ఖర్చుతో తీయడానికి ఊక, ఆకులు, శిలీంధ్రాలు, నాచు, నీటి మొక్కల వంటి జీవపదార్థాలను వాడే పద్ధతులపై గత నాలుగు దశాబ్దాలుగా విస్తృత పరిశోధన జరిగింది. ఏ పదార్థం ఎంత లోహాన్ని పట్టుకొంటుందన్న ప్రశ్నకు సమాధానాలు సమృద్ధిగా లభిస్తున్నాయి. పట్టుకొన్న లోహం ఆ తరువాత ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు మాత్రం అంత శ్రద్ధ దక్కలేదు. వ్యవసాయానికి ముఖ్యమైనది ఈ రెండవ ప్రశ్నే.

నీటి ప్రమాణాల మధ్య అంతరం

సేంద్రియ కాలుష్యాన్ని సూక్ష్మజీవులు కాలక్రమంలో విచ్ఛిన్నం చేస్తాయి. కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియం, పాదరసం మూలకాలు గనుక వాటికి విచ్ఛిన్నం లేదు. రూపం మారవచ్చు, స్థానం మారవచ్చు, పరిమాణం తగ్గదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. వాటిలో మూసీ, గోదావరి భాగాలు కూడా ఉన్నాయి. అయితే ఆ వర్గీకరణకు ఆధారం జీవరసాయన ఆక్సిజన్ అవసరం. ఆ కొలత మురుగు తీవ్రతను చెప్పగలదే తప్ప లోహాల సంగతి చెప్పలేదు.

లోహాల విషయంలో రెండు ప్రమాణాలను పక్కపక్కన ఉంచి చూడాలి. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 ఆరవ షెడ్యూలు ప్రకారం నదులు, చెరువుల వంటి ఉపరితల జలాలలోకి వదిలే వ్యర్థజలంలో కాడ్మియం లీటరుకు 2.0 మి.గ్రా., నికెల్ 3.0 మి.గ్రా., సీసం 0.1 మి.గ్రా. వరకు ఉండవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో ప్రచురించిన సేద్యపు నీటి మార్గదర్శకాల ప్రకారం గరిష్ఠ పరిమితి కాడ్మియంకు 0.01, నికెల్‌కు 0.20, సీసానికి 5.0 మి.గ్రా. అనగా వ్యర్థజలాన్ని వదిలే వారికి అనుమతించిన కాడ్మియం సేద్యానికి సూచించిన దానికి 200 రెట్లు. సీసం విషయంలో ఇది తారుమారైనది. సీసాన్ని నేల గట్టిగా పట్టి ఉంచుతుంది, మొక్క తక్కువగా గ్రహిస్తుంది. అందువలన సేద్యపు పరిమితి ఎక్కువ. కాడ్మియం మొక్కలోకి సులభంగా ప్రవేశిస్తుంది.

ఈ అంకెల అర్థం ఎకరం స్థాయిలో స్పష్టమవుతుంది. ఆ మార్గదర్శకాలు హెక్టారుకు ఏడాదికి 10,000 ఘనపు మీటర్ల నీటిని లెక్కలోకి తీసుకొన్నాయి. ఎకరానికి సుమారు 40 లక్షల లీటర్లు. లీటరుకు 0.01 మి.గ్రా. కాడ్మియం ఉంటే ఏడాదికి 40 గ్రాములు నేలకు చేరుతుంది. ఎకరంలో పై 15 సెం.మీ. మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు గనుక కిలో మట్టికి పెరుగుదల సుమారు 0.04 మి.గ్రా. నదిలో కలవకుండా 2.0 మి.గ్రా. నీరే నేరుగా పారితే ఎకరానికి చేరేది 8 కిలోలు. కిలో మట్టికి దాదాపు 9 మి.గ్రా. మురుగు మడ్డి వాడే పొలాల మట్టికి ఐరోపా సమాజం 1986 ఆదేశంలో విధించిన కాడ్మియం పరిమితి 1 నుండి 3 మి.గ్రా. మాత్రమే. నది పలుచన చేస్తుందన్న నమ్మకంపైనే వ్యర్థజల ప్రమాణం ఆధారపడి ఉన్నది. వేసవిలో ప్రవాహం సన్నగిల్లినపుడు, వాగు నీటినే నేరుగా పంపుతో పొలానికి ఎక్కించినపుడు ఆ పలుచన జరగదు.

వరి పొలంలో లోహాల నడత

మాగాణిలో లోహాల నడత మెట్టలో వలె ఉండదు. నీరు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ తగ్గి సల్ఫైడులు ఏర్పడతాయి. కాడ్మియం వాటితో కలిసి కరగని రూపంలోకి మారుతుంది. అదే స్థితిలో ఇనుప ఆక్సైడులు కరిగి, వాటిని అంటిపెట్టుకొని ఉన్న ఆర్సెనిక్ విడుదలై వేరుకు అందుతుంది. మడిని ఆరబెట్టినపుడు ఆర్సెనిక్ తగ్గి కాడ్మియం పెరుగుతుంది. నీటి పొదుపు కోసం సిఫారసు చేసే తడి, పొడి పద్ధతి సాధారణ నేలల్లో మేలైనదే. కాడ్మియం చేరిన నేలలో గింజ పాలుపోసుకొనే దశలో మడిని ఆరబెట్టడం మాత్రం గింజలోని కాడ్మియాన్ని పెంచవచ్చు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం పాలిష్ చేసిన బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మి.గ్రా., అకర్బన ఆర్సెనిక్ 0.2 మి.గ్రా. దాటరాదు.

గని, నది, వరి ఒకచోట చేరితే ఏమి జరగగలదో జపాన్‌లోని తొయామా ప్రాంతం చూపింది. ఎగువనున్న కమియోకా జింకు, సీసపు గని నుండి కాడ్మియం జింజూ నదిలోకి, నది నుండి వరి మడులలోకి చేరింది. ఎముకలు పెళుసుబారి తీవ్రమైన నొప్పితో బాధపెట్టే ‘ఇతాయి-ఇతాయి’ వ్యాధిని 1968లో జపాన్ ప్రభుత్వం కాలుష్యజన్య వ్యాధిగా గుర్తించింది. ఆ మడుల మట్టిని పునరుద్ధరించే పని 1979లో మొదలై 2012లో ముగిసింది. నీటి నుండి లోహాన్ని తీయడం ఎంత కష్టమైనా, నేలలో చేరిన తరువాత తీయడం కన్న తేలిక అని ఆ 33 ఏళ్ళు చెబుతున్నాయి.

జీవాధిశోషణం: మూలసూత్రం

నీటిని తేర్చడానికి కుండ లోపల చిల్లగింజను అరగదీసే అలవాటు తెలుగు పల్లెలలో పూర్వం ఉండేది. గింజలోని జిగురు పదార్థాలు నీటిలోని మట్టి రేణువులను కూడగట్టి అడుగుకు చేరుస్తాయి. జీవపదార్థం నీటిలోని అన్యపదార్థాన్ని పట్టుకోగలదన్న అనుభవం ఆ విధంగా సమాజానికి పాతదే. లోహాల విషయంలో ఈ ప్రక్రియ అణుస్థాయిలో జరుగుతుంది.

మొక్కలు, శిలీంధ్రాలు, నాచు, బాక్టీరియా కణకుడ్యాలలో కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, ఫాస్ఫేటు, అమైనో సమూహాలు ఉంటాయి. వాటిపై ముందే ఉన్న కాల్షియం, మెగ్నీషియం, హైడ్రోజన్ అయానులను తొలగించి సీసం, కాడ్మియం, రాగి అయానులు ఆ స్థానాలను ఆక్రమిస్తాయి. కణం మృతమైనదైనా ఈ పని సాగుతుంది. దీనినే జీవాధిశోషణం అంటారు. సజీవ కణం శక్తిని వెచ్చించి లోహాన్ని లోపలికి తీసుకొని నిల్వ చేసుకొనే ప్రక్రియ వేరు, అది జీవసంచయనం. మృత పదార్థానికి విషప్రభావం లేదు, పోషణ అక్కరలేదు, నిల్వకు అనువైనది. అందుచేతనే పరిశోధన ఎక్కువగా మృత పదార్థాల వైపు మళ్ళింది.

ఉదజని సూచిక ఈ ప్రక్రియను శాసిస్తుంది. అది 2, 3 వద్ద ఉన్నపుడు హైడ్రోజన్ అయానులే స్థానాలను ఆక్రమించి లోహ అయానులను రానీయవు. 5 నుండి 6 వరకు సీసం, రాగి, కాడ్మియం వంటి ధనావేశ లోహాలు బాగా పట్టుబడతాయి. ఆరు సంయోజకత గల క్రోమియం ఋణావేశ రూపంలో ఉండటం వలన దాని తీరు ఇందుకు విరుద్ధం. ఆమ్ల స్థితిలోనే అది పట్టుబడి, జీవపదార్థం చేత కొంత మేరకు తక్కువ హానికరమైన మూడు సంయోజకత గల రూపానికి మారుతుంది.

ఈ భేదం గోదావరి లోయకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఇక్కడి గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా 1 శాతం లోపే ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల గనులలో వలె తీవ్రమైన ఆమ్లజలం ఇక్కడ సాధారణం కాదు. తటస్థానికి దగ్గరగా ఉన్న నీటిలో సీసం, రాగి వంటివి చాలావరకు ఒండ్రును అంటిపెట్టుకొంటాయి. బూడిద నుండి ఊరే ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్ కరిగిన స్థితిలో నిలుస్తాయి. సాధారణ ఊక, ఆకుల పొడి వీటిని దాదాపు పట్టుకోలేవు. ఆర్సెనిక్‌కు ఇనుప ఆక్సైడు పూత పూసిన పదార్థం కావాలి. ఏ లోహం ఏ రూపంలో ఉన్నదో తెలియకుండా పదార్థాన్ని ఎంచుకోవడం మట్టి పరీక్ష లేకుండా ఎరువు వేయడం వంటిది.

అందుబాటులో ఉన్న స్థానిక పదార్థాలు

భూపాలపల్లి అడవులలో టేకు విస్తారం. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళా పరిషత్ రసాయన ఇంజనీరింగు పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో టేకు ఆకుల పొడి గ్రాముకు సుమారు 15 మి.గ్రా. రాగిని పట్టుకోగలదని తేలింది. మరుసటి ఏడాది వెలువడిన అధ్యయనంలో నేరేడు ఆకుల పొడి గ్రాముకు సుమారు 32 మి.గ్రా. సీసాన్ని గ్రహించింది. జనగామ, మహబూబాబాద్ జిల్లాల బియ్యపు మిల్లుల వద్ద లభించే ఊక ధాన్యం బరువులో సుమారు అయిదవ వంతు. వరి ఊకపై 2006లో వెలువడిన భారతీయ అధ్యయనంలో శుద్ధి చేయని ఊక గ్రాముకు 8.6 మి.గ్రా. కాడ్మియం పట్టుకోగా, కాస్టిక్ సోడాతో శుద్ధి చేసిన ఊక సుమారు 20 మి.గ్రా. పట్టుకొన్నది. క్షారం ఊకలోని సిలికాను, లిగ్నిన్‌ను కొంత తొలగించి సెల్యులోజు స్థానాలను బయటపెట్టడమే ఇందుకు కారణం. పోల్చి చూస్తే సముద్రపు గోధుమ నాచు సర్గాసం సామర్థ్యం కాడ్మియంకు గ్రాముకు 100 మి.గ్రా. వరకు ఉంటుంది. అయినా తీరానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న జిల్లాలకు ఊకే చౌక.

ఈ అంకెలు ప్రయోగశాలలో, స్వేదనజలంలో, ఒకే లోహంతో, అధిక గాఢత వద్ద వచ్చిన గరిష్ఠ విలువలు. నిజమైన వ్యర్థజలంలో కాల్షియం, మెగ్నీషియం లోహాలకన్న వందల రెట్లు ఎక్కువగా ఉండి అవే స్థానాలకు పోటీ పడతాయి. పైగా నీటిలో లోహగాఢత తగ్గేకొద్దీ పదార్థం పట్టుకొనే మోతాదు కూడా తగ్గుతుంది.

ఒక ఉదాహరణ ఈ విషయాన్ని తేటపరుస్తుంది. లోహపు పూత పూసే కర్మాగారం గుమ్మం వద్ద లీటరుకు 50 మి.గ్రా. కాడ్మియం గల 5,000 లీటర్ల నీరు ఉన్నదనుకొందాం. అందులోని కాడ్మియం 250 గ్రాములు. అదే 250 గ్రాములు వాగులో కలిసి లీటరుకు 0.05 మి.గ్రా. స్థాయికి పలుచబడితే దానిని మోసే నీరు 50 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరికి ఒక పంటకాలంలో పెట్టే నీటితో సమానం. మొదటి చోట ఒక తొట్టె, సుమారు 30 కిలోల ఊక చాలునని లెక్క చెబుతుంది. రెండవ చోట వెయ్యి రెట్ల నీటిని వడగట్టాలి. పదార్థం సామర్థ్యం కూడా అక్కడ పడిపోతుంది. కాబట్టి జీవాధిశోషణానికి తగిన చోటు కాలుష్యం పుట్టే స్థలమే. పొలం గట్టున అది ఆఖరి ప్రయత్నం మాత్రమే.

సజీవ వ్యవస్థలు

అధిక పరిమాణంలో పలుచటి కాలుష్యం గల నీటికి సజీవ వ్యవస్థలు కొంత అనువైనవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2012లో ప్రారంభమైన భారత-ఐరోపా సహకార పథకంలో భాగంగా గ్రామాల మురుగునీటికి తక్కువ ఖర్చుతో నిర్మిత చిత్తడి క్షేత్రాలను ఏర్పాటు చేసింది. ఇసుక, కంకర పొరలపై జమ్ము, మెట్టతామర వంటి మొక్కలను పెంచి, వేర్ల మండలం గుండా నీటిని పారించి, దానిని సేద్యానికి వాడటం ఇందులోని పద్ధతి. వాటి ప్రధాన లక్ష్యం గృహ మురుగు. లోహాల విషయంలో ఇటువంటి క్షేత్రంలో అధిక భాగం మొక్కలోకి పోదు. అడుగు మడ్డిలో, వేర్లపై నిలుస్తుంది.

గుర్రపుడెక్కకు లోహాలను గ్రహించే శక్తి ఉన్నదని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు 1975లోనే చూపారు. ఆ లోహంలో ఎక్కువ పాలు వేర్లలో ఉంటుంది. మొక్కను తీయకుండా చెరువులోనే కుళ్ళనిస్తే గ్రహించిన లోహం తిరిగి నీటిలో కలుస్తుంది.

పారిశ్రామిక స్థాయిలో నిలదొక్కుకొన్న జీవపద్ధతులలో సల్ఫేటును క్షయకరించే బాక్టీరియా ఒకటి. అవి విడుదల చేసే సల్ఫైడు జింకు, కాడ్మియంలను కరగని సల్ఫైడులుగా పేరుస్తుంది. నెదర్లాండ్స్‌లోని బుడెల్ జింకు శుద్ధి కర్మాగారంలో 1992 నుండి ఈ పద్ధతిని వాడారు. పేరుకొన్న సల్ఫైడును తిరిగి కర్మాగారంలోకే పంపే వీలు కలిగింది. క్లోరెల్లా నాచును సిలికా జెల్‌లో బంధించి 1990 ప్రాంతంలో విపణిలోకి తెచ్చిన ఆల్గాసార్బ్ వంటి జీవాధిశోషకాలు ఆ విధంగా విస్తరించలేదు. లోహం తిరిగి ఉపయోగంలోకి వచ్చే మార్గం మొదటి పద్ధతికి ముందే సిద్ధంగా ఉండటం గమనార్హం.

పట్టుకొన్న లోహం గతి

పై ఉదాహరణలో 250 గ్రాముల కాడ్మియం పట్టుకొన్న 30 కిలోల ఊకను తిరిగి చూద్దాం. దాని ప్రతి కిలోలో 8,000 మి.గ్రా.కు పైగా కాడ్మియం ఉంటుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం నగర కంపోస్టులో కిలోకు 5 మి.గ్రా. దాటరాదు. ఆ ఊకను పెంటకుప్పలో కలిపితే 50 టన్నుల కంపోస్టును పరిమితి అంచుకు తేగలదు. ఇటుక బట్టీలో కాలిస్తే కాడ్మియం కొంత ఆవిరై గాలిలోకి, మిగిలినది బూడిదలోకి పోతుంది. వాగు ఒడ్డున పారబోస్తే తొలి వాన దానిని మళ్ళీ నీటికి అప్పగిస్తుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా శుద్ధి జరిగినట్లు కాదు. కాలుష్యం ఇంకొక దారి పట్టినట్లు.

‘వ్యర్థం నుండి అర్థం’ అన్న సదుద్దేశం ఇక్కడ ప్రమాదకరం కాగలదు. చెరువుల నుండి తీసిన గుర్రపుడెక్కను వానపాముల ఎరువుగా మార్చమని విస్తరణ కార్యక్రమాలలో సిఫారసు చేయడం పరిపాటి. శుభ్రమైన చెరువు విషయంలో అది మంచి సలహాయే. పారిశ్రామిక నీరు చేరే చెరువులో పెరిగిన మొక్కకు అది వర్తించదు. కుళ్ళే క్రమంలో సేంద్రియ పదార్థం సగానికి పైగా తగ్గుతుంది, లోహం తగ్గదు. ఫలితంగా కిలో ఎరువులో లోహశాతం పెరుగుతుంది.

హైదరాబాదు దిగువన మూసీ తీరంలో నగరపు మురుగునీటితో పారా గడ్డిని పెంచి పాడి పశువులకు అమ్మే వ్యవస్థ ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. ఆ గడ్డి నీటిలోని నత్రజనిని, భాస్వరాన్ని వాడుకొని నదికి మేలు చేస్తున్నది. నీటి నుండి లోహాన్ని తీయగల మొక్క పశువు మేతగా కూడా ఉన్నపుడు శుద్ధి, ఆహారం ఒకే గొలుసులో చేరతాయి. పశువు తిన్న కాడ్మియంలో శరీరంలో నిలిచేది ప్రధానంగా మూత్రపిండాలు, కాలేయంలో చేరుతుంది. పాలలోకి పోయేది స్వల్పం. జీర్ణంకాని పెద్ద భాగం పేడ ద్వారా మళ్ళీ పొలానికి చేరుతుంది. కాబట్టి అటువంటి చోట గడ్డిని, పేడను రెండింటినీ పరీక్షించవలసి ఉంటుంది.

లోహం నిండిన జీవపదార్థానికి సక్రమమైన దారులు రెండే. పలుచటి ఆమ్లంతో లోహాన్ని విడదీసి, పదార్థాన్ని మళ్ళీ వాడుకొని, గాఢ ద్రావణం నుండి లోహాన్ని రాబట్టడం మొదటిది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలను అనుసరించి హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వంటి అధీకృత భద్రపరచే కేంద్రానికి పంపడం రెండవది. ఈ రెండింటి ఖర్చునూ కలిపి లెక్కించిన తరువాతనే ఒక పద్ధతిని చౌక అనవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. గనులు, బూడిద చెరువులు, పరిశ్రమల దిగువనున్న చెరువుల నీటిని వేసవిలో ఒకసారి, వర్షాకాలం ముగిసిన తరువాత ఒకసారి లోహాలకు పరీక్షించాలి. నీటితోపాటు చెరువు మడ్డిని, పొలంలోని పై 15 సెం.మీ. మట్టిని కూడా తీయాలి.

2. పూడికమట్టిని పొలాలకు తోలే ముందు, పారిశ్రామిక నీరు చేరే చెరువులలో లోహ పరీక్ష తప్పనిసరి చేయాలి. నీరు పరిమితిలో ఉన్నా మడ్డి ఉండకపోవచ్చు.

3. కాడ్మియం చేరిన నేలలో పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు ఎక్కువగా గ్రహిస్తాయి. అటువంటి చోట పత్తి, పూల మొక్కలు, కలప చెట్ల వైపు రైతులను మళ్ళించడం మేలు. ఆమ్ల నేలలకు సున్నం వేస్తే మొక్కకు అందే కాడ్మియం తగ్గుతుంది.

4. తడి, పొడి పద్ధతిని సిఫారసు చేసే ముందు ఆ నేలలో సమస్య కాడ్మియమా, ఆర్సెనికా అన్నది తెలుసుకోవాలి.

5. శుద్ధికి వాడిన ఊక, ఆకులు, నీటి మొక్కలను మేతకు, కంపోస్టుకు, వంటచెరకుకు వాడకుండా రైతులకు, మిల్లు యజమానులకు స్పష్టంగా చెప్పాలి.

విద్యార్థుల పరిశోధనకు దిశ

కొత్త ఆకు, కొత్త పొట్టు, వాటి గరిష్ఠ సామర్థ్యం అన్న మూసలో వందలాది పత్రాలు ఇప్పటికే వెలువడ్డాయి. మరొక ఆకు చేర్చడం వలన కలిగే ప్రయోజనం స్వల్పం. స్వేదనజలానికి బదులు బూడిద చెరువు నీటితో, గని నీటితో నిలువు గొట్టాలలో నిరంతర ప్రవాహ ప్రయోగాలు చేయవలసి ఉన్నది. కాల్షియం పోటీలో సామర్థ్యం ఎంత తగ్గుతుంది, ఎన్నిసార్లు ఆమ్లంతో కడిగి వాడవచ్చు, ఇనుప పూత పూసిన ఊక తటస్థ నీటిలో ఆర్సెనిక్‌ను ఎంతకాలం నిలుపుతుంది అన్నవి ఈ ప్రాంతానికి అవసరమైన ప్రశ్నలు.

ప్రతి సిద్ధాంత గ్రంథంలోనూ ఒక లోహ ఖాతా పట్టిక ఉండటం వాంఛనీయం. నీటితో వచ్చిన లోహం ఎంత, శుద్ధి అయిన నీటిలో మిగిలినది ఎంత, పదార్థంలో చేరినది ఎంత, కడిగిన ద్రావణంలో ఎంత, చివరకు ఏ చోటికి చేరినది ఎంత అన్న అయిదు గడులు అందులో ఉండాలి. వచ్చిన మొత్తం, పోయిన మొత్తం సరిపోయినపుడే ఆ పద్ధతిని రైతు పొలానికి ఎగువన అమర్చమని సిఫారసు చేయడానికి ఆధారం ఏర్పడుతుంది.